నాలుగో నంబరు ప్రెస్సు నాణెం

నాణేలు పరీక్షించే ఆ పెద్దమనిషికి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఆయన దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళంతా ఆయన్ని కాదుగారు అంటారు. పదిమంది పది నాణేలు పట్టుకెళితే, తొమ్మిదింటిని భూతద్దం కింద పెట్టి తలైనా ఎత్తకుండా "కాదు" అంటాడు. పదోదాన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి, తూకం వేసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎదుటివాళ్ళలో గంపెడాశ పుట్టించి, అప్పుడు "కాదు" అంటాడు. ఏడాదికి నాలుగైదుసార్లు "అవును" అని కూడా అంటాడట. అది చెవులారా విన్నామనేవాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళను నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం.

ఆయన తేల్చేది ఒక్కటే సంగతి. నాణెం మీద ఏదో వింత ఉంటుంది. బొమ్మ పక్కకు జరిగి ఉంటుంది, అక్షరాలు జంటగా పడి ఉంటాయి, అంచు వంకర తిరిగి ఉంటుంది. ఆ వింత టంకశాలలో అచ్చు పడేటప్పుడే వచ్చిందా, లేక బయటికొచ్చాక ఏ సుత్తి కిందో ఏ చక్రం కిందో పడి వచ్చిందా? మొదటిది దోషం, రెండోది దెబ్బ. దోషమని తేలితే సేకరించేవాళ్ళు ఎగబడతారు. దెబ్బ అని తేలితే అది వట్టి చిల్లర. అందుకే ఆ మెట్లెక్కే ప్రతివాళ్ళూ తమ నాణెం దోషం కావాలని కోరుకుంటూ ఎక్కుతారు. ఆ రోజు పొద్దున పదిన్నరకు ఎక్కిన ఒకావిడ మాత్రం, తన చేతిలోది దెబ్బ కావాలని కోరుకుంటూ ఎక్కింది.

ఆవిడ ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. అక్కడ అందరూ సూపర్‌వైజరమ్మ అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. మాట కాస్త కటువు, పని చురుకు. దుప్పటి మీద మరక చూసి అది మందుదో, టీదో, ఇస్త్రీపెట్టెదో దూరం నుంచే చెప్పేస్తుంది. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, తండ్రి. ఈ కథంతా ఆ తండ్రి గురించే.

ఆయన ఒకప్పుడు టంకశాలలో నాణేలు అచ్చుకొట్టే ప్రెస్సు నడిపేవాడు. ఆమెకు పన్నెండేళ్ళున్నప్పుడు, ఒక సాయంత్రం షిఫ్టు దిగి వస్తుంటే, గేటు దగ్గర తనిఖీలో ఆయన టిఫిన్ డబ్బా మూతలో ఒక నాణెం దొరికింది. టంకశాల గేటు మామూలు గేటు కాదు. లోపలికి వెళ్ళే ముందు జేబులో ఉన్న చిల్లరంతా ట్రేలో పోసి, టోకెను తీసుకుని పోవాలి. సొంత నాణెం ఒక్కటి కూడా లోపలికి పోకూడదని రూలు. పోకూడదు కాబట్టి పోదు, పోదు కాబట్టి బయటికొచ్చేటప్పుడు దొరికిందేదైనా లోపలిదే. అధికారుల తర్కం అంత సాఫీగా నడిచింది. పైగా దొరికింది మామూలు నాణెం కూడా కాదు. అచ్చు ఒక పక్కకు జరిగి, సంవత్సరం పడాల్సిన చోటే ఖాళీగా ఉన్న నాణెం. అలాంటివాటిని ప్రెస్సు దగ్గరే ఏరి కరిగించేస్తారు, బజారు మొహం చూడనివ్వరు. మూడు రోజుల విచారణ జరిగింది, ఒక కాగితం వచ్చింది, ఉద్యోగం ఊడింది. పోలీసుల దాకా పోలేదు, అదృష్టవంతుడివి, అని బంధువులు ఊరడించారు. ఆ ఊరడింపు కన్నా తిట్టడమే నయం.

ఇంటికొచ్చి ఆయన చెప్పింది రెండు ముక్కలే. "నేను తియ్యలేదు." ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. సీసా మూతలు తయారుచేసే కార్ఖానాలో చేరి, అక్కడా ప్రెస్సే నడిపి, మొన్నమొన్ననే మానేశాడు.

ఆ రెండు ముక్కలూ ఇంట్లోవాళ్ళకు సరిపోలేదు. మేనమామ రంగంలోకి దిగి ఒక కథ అల్లాడు. "అది మింట్‌లో పాడైంది కాదే అమ్మాయీ. ఏ బండి కిందో నలిగిన పాత నాణెం. మీ నాన్న జేబులో మర్చిపోయి లోపలికి తీసుకుపోయాడు. వీళ్ళు పప్పులో కాలేశారు. అంతే." పన్నెండేళ్ళ పిల్లకు ఆ మాట కొండంత అండ అయింది. బడిలో 'దొంగ కూతురు' అన్నవాళ్ళకు చెప్పింది. పెద్దయ్యాక స్నేహితులకు చెప్పింది, పెళ్ళయ్యాక అత్తగారికి చెప్పింది. "పాడైన నాణెమండీ, మా నాన్నను అన్యాయంగా తీసేశారు." ఇరవై ఆరేళ్ళుగా చెబుతూనే ఉంది.

లాండ్రీలో చేరాక ఆమెకు రుజువు కూడా దొరికింది. బట్టలారబెట్టే పెద్ద డ్రమ్ముల సందుల్లో చిల్లర ఇరుక్కుంటుంది. ఏ డాక్టరు కోటు జేబులోదో, ఏ నర్సు ఏప్రన్‌లోదో. నెలల తరబడి తిరిగి తిరిగి ఆ నాణేల అంచులు లోపలికి చుట్టుకుపోతాయి, బొమ్మలు చెరిగిపోతాయి. కొన్నిటికి ఒక పక్కే అరిగి నున్నబడుతుంది. అలాంటివి ఒక మందు సీసాలో వేసి దాచింది. నాన్న నాణెం కూడా ఇలాంటిదే అయ్యుంటుందని చూపించడానికి. ఎవరికి చూపించాలో మాత్రం తెలియలేదు, పైగా అసలు ఆ నాణేన్నే ఆమె ఎప్పుడూ చూడలేదు.

నెల క్రితం టంకశాల కొత్త భవనంలోకి మారింది. పాత విచారణల ఫైళ్ళు వదిలించుకోవాలనుకుని, సంబంధించినవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చేస్తామని ఇళ్ళకు ఉత్తరాలు రాశారు. తండ్రి పేర వచ్చిన ఉత్తరాన్ని సూపర్‌వైజరమ్మ విప్పింది, ఆయనకు చెప్పకుండా ఆయన సంతకం తనే గిలికేసింది. తండ్రి నిజాయితీ నిరూపించడానికి కూతురు దొంగసంతకం పెట్టడమేమిటని ఎవరైనా అడగాల్సింది. ఎవరూ అడగలేదు.

కవరులో రెండే ఉన్నాయి. ఒకటి నాణెం. రెండోది నాణెం పరీక్షించి ఇచ్చిన ఫారం. బరువు: 5.88 గ్రాములు. కింద రెండు గళ్ళు, దోషం, దెబ్బ. దోషం గడిలో టిక్కు. దాని కింద సంతకం. ఆ సంతకం ఎవరిదని ఆరా తీస్తే, ఆయన టంకశాల మానేసి పదిహేనేళ్ళయిందని, ఫలానా వీధిలో గడియారాల షాపు మీద గదిలో కూర్చుని ఇప్పుడూ ఆ పనే చేస్తున్నాడని తెలిసింది. కాదుగారే.

ఆమె పథకం సులువైనది. కాగితం సంచిలోనే ఉంచి, నాణెం ఒక్కటే ఆయన ముందు పెడుతుంది. అందరికీ అన్నట్టే "కాదు, దెబ్బ" అంటాడు. అప్పుడు ఆయన పాత సంతకం తీసి ఆయన మొహం మీదే పెట్టి అడుగుతుంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఏమేం అడగాలో వరస పేర్చుకుంది. సగం మెట్లెక్కాక గానీ రెండో సంగతి తట్టలేదు. ఒకవేళ ఈయన ఇప్పుడు కూడా దోషమే అంటే? అప్పుడు నాన్న దొంగే అవుతాడు. ఆమె చెయ్యి రెయిలింగ్ మీద ఆగింది. భయపడింది, మామూలు భయం కాదు. అయినా ఎక్కింది. సగం మెట్ల మీంచి వెనక్కి తిరిగి వెళ్ళే మనిషి కాదు.

పైన చిన్న వరండా, బెంచీ. తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది: 'నాణెం చూపించండి. కథ చెప్పకండి.' బెంచీ మీద అప్పటికే ఒకాయన ఉన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారట. అడక్కుండానే చెప్పి, రుమాలు విప్పాడు.

"చూడండమ్మా, అంచు ఎలా పైకి లేచి లోపలికి ముడుచుకుందో. అక్షరాలు చూశారా, ఎంత లోపలికి ఉన్నాయో. ఇలాంటిది ప్రపంచంలో రెండోది ఉండదంటున్నాడు మా బావమరిది."

"మా దగ్గర సీసాడున్నాయండీ," అంది సూపర్‌వైజరమ్మ.

మాస్టారు రుమాలు సగం మూశాడు. "సీసాడా?"

ఆమె సంచిలోంచి సీసా తీసి మూత విప్పి చూపించింది. డ్రమ్ము సంగతి చెప్పింది. మాస్టారు తన నాణేన్ని ఆ నాణేల పక్కన పెట్టి చూశాడు. ఏది తనదో మళ్ళీ ఏరుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. అయినా పిలుపు రాగానే లోపలికి వెళ్ళాడు, ఇంత దూరం వచ్చినవాడు వెళ్ళకుండా ఉంటాడా. అర నిమిషంలో లోపలి నుంచి "కాదు" అని వినిపించింది. మాస్టారు బయటికొచ్చి, "మీరన్నదేనమ్మా, డ్రమ్మేనట," అని దిగిపోయాడు. మెట్ల మీద బావమరిదిని తిట్టుకోవడం వినిపించింది.

"డ్రమ్మని ఆయనకు ముందే ఎవరు చెప్పారు?" లోపల నుంచి కాదుగారి గొంతు. "మీరేనా? రండి."

గది చిన్నది. ఒక టేబులు, ఒక దీపం, ఒక తూకం యంత్రం, గోడంతా సన్నటి సొరుగులు. కాదుగారు బక్కపల్చటి మనిషి. కళ్ళద్దాల మీద ఇంకో జత కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆమె నాణేన్ని గుడ్డ మీద పెట్టింది.

"మీరేమనుకుంటున్నారు?" అన్నాడు, డ్రమ్ము సంగతి తెలిసిన మనిషి కదా అని.

"దెబ్బేనండీ."

ఆయన తలెత్తాడు. "ఆ కుర్చీలో కూర్చుని ఆ మాటన్నది మీరొక్కరే. ఎందుకనుకుంటున్నారు?"

"ఒక పక్క బొమ్మ మొత్తం పోయింది, నున్నగా ఉంది. డ్రమ్ములో ఒకే పక్క రాసుకుంటే ఇలా అవుతుంది. నా దగ్గరున్నాయి."

ఆయన భూతద్దం దించాడు. నాణేన్ని అంచు మీద నిలబెట్టి తిప్పాడు. ఒక పక్కకు వాల్చి దీపం కింద చూశాడు, తూకం మీద పెట్టి ఒక చీటీ మీద అంకెలు రాసుకున్నాడు, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెంటనే రాలేదు. కింద షాపులో గడియారాలన్నీ ఒకదాని వెనక ఒకటి పదకొండు కొట్టాయి. సూపర్‌వైజరమ్మ అవన్నీ విన్నది.

"అవును," అన్నాడు కాదుగారు.

ఎవరైనా ఆ మాటకు ఎగిరి గంతేస్తారు. ఆమె మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది. "ఏంటండీ అవును?"

"దోషమే. మింట్‌లో పుట్టిందే." ఆయన గొంతులో ఉత్సాహం దాగలేదు. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే అవకాశం మరి. "రండి, చూడండి. మీరన్నట్టు అరిగి పోయుంటే, బొమ్మ అంచు దాకా పల్చబడుతూ పల్చబడుతూ పోవాలి. ఇక్కడ చూడండి, బొమ్మ బలంగా ఉంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇక ఈ ఖాళీ వైపు అంచు. సన్నగా కట్ట కట్టినట్టుంది కదా? అచ్చు వెయ్యకముందే ఉత్త బిళ్ళకు వేరే యంత్రం ఆ అంచు కడుతుంది. ఎవరైనా బొమ్మను గీకేసినా, ఎక్కడైనా రాసుకుపోయినా, ముందు పోయేది ఆ అంచే. అది నిలిచే ఉంది. అంటే ఇక్కడ అచ్చు పోలేదమ్మా, అసలు పడనే లేదు. బిళ్ళ సరిగ్గా కూర్చోకముందే ప్రెస్సు దిగింది."

ఆమె చూసింది. మరకలు చదివిన కళ్ళు కాబట్టి, చూడగానే అర్థమైంది. ఆయన చెప్పింది నిజం. సీసాలో ఉన్న నాణేలకీ దీనికీ పోలికే లేదు. ఇన్నాళ్ళూ తను చెప్పినదానికీ నిజానికీ పోలికే లేదు. నాన్న టిఫిన్ డబ్బా మూత కళ్ళముందు కనిపించింది. ఆ రోజు 'నేను తియ్యలేదు' అని చెప్పేటప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదన్న సంగతి కూడా, ఎన్నడూ లేనిది ఇప్పుడే గుర్తొచ్చింది. ఆమె సీసా సంచిలో పడేసుకుని లేచింది.

"ఆగండి, ఇంకా అవలేదు. కొనేవాళ్ళకు మొత్తం రాసివ్వాలి కదా." కాదుగారు కాగితం మీద రాస్తూ పైకి చదువుతున్నాడు. "అచ్చు పక్కకు జరిగిన దోషం. అసలైనది. బాగా తిరిగిన నాణెం. ఖాళీ భాగంలో అరుగుదల, గీతలు..."

"తిరిగినదంటే?"

"బజారులో తిరిగిందని. చేతులు మారింది, జేబుల్లో తాళాలతో రాసుకుంది. ప్రెస్సు మీంచి అప్పుడే తీసినదైతే ఈ ఖాళీ చోట బిళ్ళ తాలూకు గరుకు కనిపించాలి. అదంతా వేళ్ళకు అరిగి మెరుగెక్కింది. ఇలాంటివి మింట్ జల్లెడ తప్పించుకుని సంచుల్లో బయటపడతాయి, అరుదే గానీ పడతాయి. ఇది అలా పడి నాలుగైదేళ్ళైనా ఊరు తిరిగింది. తిరగకపోయుంటే ఇంకా మంచి ధర పలికేది. అది చెప్పక తప్పదు."

సూపర్‌వైజరమ్మ మళ్ళీ కూర్చుంది.

"అది ఇరవై ఆరేళ్ళుగా కవరులోనే ఉందండీ."

"కథ వద్దని బయట రాశాను కదమ్మా."

"కథ కాదు. మీ కాగితమే." ఫారం తీసి గుడ్డ మీద, నాణెం పక్కన పెట్టింది.

కాదుగారు పై కళ్ళద్దాలు తీసేశాడు. సంతకం చూశాడు. తేదీ చూశాడు. తర్వాత ఆయన చూపు బరువు రాసిన చోట ఆగి, పక్కనున్న చీటీ మీదికి వెళ్ళింది. ఇందాక తను తూచి రాసుకున్న అంకె. 5.88. నాణేన్ని మళ్ళీ తూకం మీద పెట్టాడు. తీసి, యంత్రం ఆపి, తూకపురాయితో సరిచూసి, ఇంకోసారి పెట్టాడు. మళ్ళీ అదే అంకె.

"కొత్త నాణెం ఎంతుండాలండీ?" అంది ఆమె.

"ఆరు గ్రాములు. హెచ్చుతగ్గులు పోగా, ఐదు తొంభై ఏడుకు తగ్గితే బయటికి వదలరు." ఆయన ఒక్కొక్క మాటా నెమ్మదిగా చెప్పాడు. "ఆ రోజున్న బరువూ ఈ రోజున్న బరువూ ఒకటే. అంటే ఆ రోజు తర్వాత ఇది అరగలేదు. అరిగిందంతా ఆ రోజుకు ముందే."

"అంటే?"

"అంటే ఆ రోజుకి ఇది బయట నాలుగైదేళ్ళు తిరిగిన నాణెం. లోపలి నుంచి తీసింది కాదు."

ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బస్సులో పేర్చుకున్న ప్రశ్నలు ఒక్కటీ పనికిరాలేదు. "ఈ అంకె రాసింది మీరేగా. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఫారంలో రెండే గళ్ళమ్మా. మన ప్రెస్సుదా కాదా అన్నదొక్కటే అడిగారు. బరువు రాయమన్నారు, రాశాను. ఎందుకు రాయమన్నారో ఆలోచించలేదు. రోజుకి నలభై నాణేలొచ్చేవి."

"దానికి మా నాన్న ఉద్యోగం పోయింది."

"నాకు తెలీదు. నాణెం పంపేవాళ్ళు, దాని వెనక మనిషున్నాడని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు." ఆయన నాణెం వైపు చూస్తూ అన్నాడు. "నేను తప్పేమీ రాయలేదు, తక్కువ రాశానంతే... అనుకుని సర్దిచెప్పుకోవచ్చు. కానీ తప్పేనమ్మా. తప్పే."

ఆయన ఇందాక రాసిన కాగితం చించేశాడు. కొత్తది తీసుకుని, ఫారాలేవీ లేకుండా, చేత్తో పేజీ నిండా రాశాడు. నాణెం దోషమని, ఆ తేదీ నాటికే బాగా తిరిగినదని, ఆ సంగతి తను అప్పట్లో రాయలేదని, రాసి ఉండవలసిందని. సంతకం పెట్టి, దాని పక్కన పాత ఫారంలో ఉన్నట్టుగా తన అప్పటి హోదా కూడా రాశాడు. రెండుచోట్ల కొట్టివేసి మళ్ళీ రాయాల్సొచ్చింది.

"మీ నాన్నగారు ఉన్నారా?"

"ఉన్నారు."

"నేనొకసారి వచ్చి కలవచ్చా?"

"నాన్నను అడగాలి," అంది ఆమె. ఆయన తలూపాడు.

ఇంటికి చేరేసరికి రెండు దాటింది. తండ్రి వంటింటి టేబులు మీద ఊడిన గొడుగు పుల్లను ఇనపతీగతో కడుతున్నాడు. కార్ఖానా మానేశాక ఇంట్లో ఆయన బాగుచెయ్యని వస్తువు లేదు, బాగున్నవాటిని కూడా ఒకసారి విప్పి చూస్తాడు. ఆమె చెప్పులు కూడా విడవకుండా వచ్చి, గొడుగు పక్కన నాణెం పెట్టింది, దాని పక్కన కాగితం. దోవంతా ఈ క్షణమే ఊహించుకుంటూ వచ్చింది. నాన్న ఏడుస్తాడని, తను పట్టుకుంటుందని.

తండ్రి చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం మొత్తం చదివాడు. నాణేన్ని అరచేతిలో వేసుకుని కాస్త ఎగరేసి పట్టుకున్నాడు.

"ఐదు ఎనభై ఎనిమిదా. అంతే ఉంటుందనుకున్నా," అన్నాడు.

"నువ్వు తియ్యలేదని రాసిచ్చాడు నాన్నా!"

"తియ్యలేదు కదమ్మా." ఆ గొంతులో పొంగేమీ లేదు. "చెప్పాను కదా."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది పాడైన నాణెం కాదని నీకు తెలుసా?"

"చూడగానే తెలిసింది. నా ప్రెస్సు పని నాకు తెలీదా?"

"మరి నేను ఇన్నేళ్ళూ ఊరందరికీ పాడైన నాణెం, పాడైన నాణెం అని చెబుతుంటే..."

"చిన్నపిల్లవి. నాన్న దొంగ కాదని చెప్పుకోడానికి నీకేదో ఒకటి కావాలి. మీ మామయ్య ఇచ్చాడు, పట్టుకున్నావు. సరేలే అనుకున్నా." ఆయన నాణెం టేబులు మీద పెట్టాడు. "పెద్దయ్యాక అడుగుతావనుకున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. తను మామయ్యను అడిగింది. డ్రమ్ములను అడిగింది. టంకశాలకు దరఖాస్తు పెట్టింది, పొద్దున కాదుగారిని అడిగింది. రోజూ ఎదురుగా కూర్చుని తినే మనిషిని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమెకు తెలుసు. అడిగితే, 'తీశాను' అంటాడేమోనని. 'నేను తియ్యలేదు' అన్న మాటను నమ్మి ఉంటే ఆమెకు ఏ పాడైన నాణెమూ అవసరం ఉండేది కాదు. నమ్మలేదు. ఇరవై ఆరేళ్ళు ఊరందరితో నాన్న తరఫున పోట్లాడింది, లోపల మాత్రం నమ్మలేదు. ఆ సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

"అడుగుతున్నా నాన్నా," అంది. "ఏం జరిగిందో చెప్పు."

తండ్రి ఆమె మొహంలోకి చూశాడు. గొడుగు తీసి పక్కన పెట్టాడు.

"మా ప్రెస్సులో బిళ్ళను అచ్చు కిందికి తోసే ఇనపవేలొకటి ఉంటుంది. అది వదులైంది. అప్పుడప్పుడు జారుతోంది, అచ్చులు పక్కకు పడుతున్నాయి, కొన్ని బయటికి పోతున్నాయి అని ఐదేళ్ళు మొత్తుకున్నా. ఫోర్‌మన్ నవ్వేవాడు. పోతే బజారులో కనిపించాలి కదయ్యా, ఒక్కటి తెచ్చి చూపించు, అనేవాడు. ఆ రోజు పొద్దున టీ కొట్టువాడు ఇచ్చిన చిల్లరలో ఇది కనిపించింది. నా అచ్చు నాకు తెలుసు, పక్కన వెంట్రుకంత గీత ఉంటుంది. ఇక నాకు కాళ్ళు నిలవలేదు. ట్రేలో వేస్తే గేటువాళ్ళే ఉంచేసుకుంటారేమోనని డబ్బా మూతలో పెట్టుకుపోయాను. తీరా చూస్తే ఫోర్‌మన్ ఆ రోజు సెలవు. రేపు చూపిద్దామని మళ్ళీ మూతలోనే పెట్టుకుని వస్తున్నా."

"పట్టుకున్నప్పుడు ఇదంతా చెప్పలేదా?"

"తర్వాత చెప్పాను. ఎవరు వింటారు? అప్పటికే నోరు జారాను." తండ్రి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "గేటు దగ్గర ఆఫీసరు దీన్ని పైకెత్తి పట్టుకుని, 'ఇది మన ప్రెస్సుదేనా?' అన్నాడు. 'అవునండీ, మనదే, నా నాలుగో నంబరుదే, చూడండి' అన్నాను. సంతోషంగా చెప్పానమ్మా. అప్పటిదాకా నా మాట ఒక్కళ్ళూ నమ్మలేదు కదా."